మూడు బై నాలుగు

ఆ ఫిబ్రవరి మూడో తారీఖున స్కూలు లేదని మా మనవరాలు నైనిక ఏమాత్రం సంతోషించలేదు. ముందు రోజు కురిసిన మంచువాన గడ్డకట్టి, అమెరికాలో మా అమ్మాయి ఉండే ఫ్రిస్కో ఊరంతా తలుపులేసుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం ఇంట్లోనే రెండు జాకెట్లు తొడుక్కుని, పెరటి అద్దాల తలుపుకి ముక్కు ఆనించి పొద్దున్నించీ నిలబడే ఉంది. చేతిలో వాళ్ళ అమ్మమ్మ నోటుపుస్తకం.

"తాతా, బీ రాలేదు," అంది.

"ఈ చలికి మనుషులే బయటికి రావట్లేదు. తేనెటీగ ఎలా వస్తుందమ్మా?"

"అమ్మమ్మ రాసింది కదా. చూడు, టూ స్లాష్ త్రీ. ఫిబ్రవరి థర్డ్. పక్కన బీ బొమ్మ. జాన్యువరి థర్డ్‌కి తుమ్మెద బొమ్మ ఉంది, అదీ రాలేదు. నువ్వప్పుడు ఇండియాలో ఉన్నావు. అమ్మమ్మ ఎవ్రీ మంత్ థర్డ్‌కి చూసేది."

అమ్మమ్మ అంటే నా భార్య రాజేశ్వరమ్మ. అంతకుముందు ఏడు నాతోపాటే ఇక్కడికి వచ్చి, ఆర్నెల్లు ఉండి, తిరిగి వెళ్ళిన రెండు నెలలకి బెజవాడలో పోయింది. ఇక్కడున్నన్నాళ్ళూ ఆమెకి ఒకటే పని. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చిపోయే తేనెటీగల్నీ సీతాకోకచిలుకల్నీ పెన్సిల్‌తో బొమ్మ వేసేది. పక్కన తారీఖు, కింద తెలుగులో రెండు మూడు ముక్కలు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు ఆ పుస్తకం మనవరాలి చేతిలో పెట్టింది. నైనికకి తెలుగు చదవడం రాదు. బొమ్మలూ అంకెలే దాని ఆధారం. మా అమ్మాయి స్రవంతి ఆ పుస్తకం ముట్టుకోదు. నేనూ ముట్టుకోలేదు. ఆ రాత చూసే ధైర్యం లేక, "నా కళ్ళజోడు సరిగ్గా లేదు" అని తప్పించుకు తిరిగేవాణ్ణి.

కానీ జనవరి అన్నమాట నన్ను పట్టుకుంది. మేమిద్దరం దిగిందే ఫిబ్రవరి సగంలో. జనవరి మూడున రాజేశ్వరమ్మ ఇక్కడ ఎక్కడుంది? మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక, సోఫాలో పడున్న పుస్తకం తీశాను.

1/3, 2/3, 3/3, 4/3. అలా 12/3 దాకా. చూడగానే అర్థమైంది. అవి ప్రతి నెలా మూడో తారీఖులు కావు. మార్చి ఒకటి నుంచి పన్నెండు దాకా రోజులు. రాజేశ్వరమ్మ మన పద్ధతిలో రోజు ముందు, నెల తరువాత రాసుకుంది. ఇక్కడ పుట్టిన పిల్ల నెల ముందు చదివింది. నాకు నవ్వొచ్చింది. పోయాక ఆమె వల్ల నవ్వడం అదే మొదటిసారి. నైనికని లేపి చెబుదామని లేచాను కూడా.

లేస్తూ లేస్తూ 4/3 కింద రాసింది చదివాను.

"ఎర్రచారల నల్ల సీతాకోకచిలుక. కుర్చీ చేతి మీద వాలింది. ఈయన ఫోను మూడుసార్లు మోగింది. మూడుసార్లూ కట్టేశారు. అయినా అది బెదరలేదు."

పుస్తకం మూసేసి మళ్ళీ కూర్చున్నాను.

ఆ ఫోను సంగతి చెప్పాలి. బతికున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. అమెరికా వచ్చిన వారానికే రాజేశ్వరమ్మకి కడుపులో నొప్పి మొదలైంది. స్రవంతి మమ్మల్ని ఒక క్లినిక్ దగ్గర దింపి, ఆఫీస్ కాల్ ఉంటే కార్‌లోనే కూర్చుంది. లోపల డాక్టరు చూసి, ఏదో గడ్డలా ఉంది, స్కాన్ తీయాలన్నారు. కౌంటర్‌లో అమ్మాయి చిన్న కార్డు మీద పెన్నుతో 3/4 అని రాసి, టైము వేసి ఇచ్చింది. నేను జేబులో పెట్టుకుని వచ్చి, "ఏప్రిల్ మూడుకి ఇచ్చారు" అని చెప్పాను.

"అంత లేటా నాన్నా?" అంది స్రవంతి.

"మీ దేశంలో అపాయింట్‌మెంట్లన్నీ అంతేగా!" అన్నాను పెద్ద తెలిసినవాడిలా.

నేను రైల్వే రిజర్వేషన్ కౌంటర్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. తారీఖు తప్పు రాసిన ఫారాలు వెనక్కి విసిరేసి, "రోజేదో నెలేదో చూసుకోకుండా ఎలా వస్తారయ్యా?" అని ఎంతమందిని లైన్లో నిలబెట్టి చీవాట్లు పెట్టానో. అలాంటి నేను చదివిన తారీఖుని మా ఇంట్లో రెండోసారి చూసేవాళ్ళు లేరు. మార్చి నాలుగున క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారు. తెలియని నంబర్లు ఎత్తొద్దు, అన్నీ స్కామ్ కాల్సేనని స్రవంతి చెప్పి ఉంది. కట్టేశాను. మళ్ళీ చేశారు. మళ్ళీ కట్టేశాను.

ఏప్రిల్ మూడున వెళ్ళాం. ఆ రోజూ స్రవంతికి కాల్ ఉంది, కార్‌లోనే ఉంది. కౌంటర్‌లో అమ్మాయి కార్డు నా వైపు తిప్పి, మూడు మీద వేలు పెట్టి "మార్చ్" అంది, నాలుగు మీద వేలు పెట్టి "ఫోర్త్" అంది. రాజేశ్వరమ్మ నా పక్కనే ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదులే అనుకున్నాను. అటు తిరిగి, వీధి వైపు అద్దం తలుపు మీద వాలిన ఏదో పురుగుని చూస్తోంది కూడా. మళ్ళీ మూడు వారాల తరువాతకి ఇచ్చారు. కార్ ఎక్కి, "స్కాన్ మిషన్ పాడైందట, వాళ్ళే వాయిదా వేశారు" అని చెప్పాను. వెనక సీట్లోంచి రాజేశ్వరమ్మ, "అవునమ్మా, ఏదో మిషనట, పాపం ఆ పిల్ల కూడా బాధపడింది" అంది. నేను చెప్పింది నమ్మి, దానికి తోడు తనూ ఒక ముక్క కలిపిందనుకున్నాను.

స్కాన్ తీసేటప్పటికి గడ్డ కాలేయానికి పాకింది.

ఇప్పుడు నైనికకి తారీఖుల గుట్టు విప్పితే రాత్రి భోజనాల వేళకి వాళ్ళమ్మకి తెలుస్తుంది. రోజు ముందు, నెల తరువాత అన్న మాట చాలు. స్రవంతికి ఏప్రిల్ మూడు గుర్తుంది. ఆ రోజు కోసం లీవ్ పెట్టి, తరువాత ఆ లీవ్‌లోనే కాల్ తీసుకున్నానని ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు. రెండు తారీఖులూ పక్కపక్కన పెట్టి చూడటానికి దానికి ఒక్క క్షణం పట్టదు. నాకు మిగిలింది ఆ బిడ్డ ఒక్కతే. అది కూడా నన్ను చూసి ముఖం తిప్పుకుంటే ఎక్కడికి పోను?

పిల్లకి ఏమీ చెప్పలేదు. నిద్ర లేచి, "తాతా, బీ వచ్చిందా?" అని అడిగితే, "లేదమ్మా" అన్నాను.

*

ఫిబ్రవరి చివరికొచ్చేసరికి చలి విరిగింది. పెరట్లో రెడ్‌బడ్ చెట్టు, ఒక్క ఆకు లేని కొమ్మల నిండా గులాబీరంగు పూలు పూసుకుని నిలబడింది. గడ్డిలో ఊదారంగు కలుపుపూలు లేచాయి. పోయినేడు మా అల్లుడు ఫణికుమార్ వాటికి మందు కొట్టిస్తానంటే రాజేశ్వరమ్మ ఒప్పుకోలేదు. "ఆకలితో లేచిన ప్రాణాలు, ముందు దొరికేది ఇవే కదా బాబూ" అంది. ఈ ఏడు ఆమె లేకపోయినా అతను కొట్టించలేదు.

మార్చి ఒకటి ఆదివారం. నైనిక ఈతక్లాసుకి వెళ్ళింది. నేను కాఫీ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడ్డాను. వసారా చెక్కదూలం దగ్గర గిర్రున శబ్దం. నల్లటి లావుపాటి తుమ్మెద, తన పాత కన్నం ముందు గాలిలో నిలబడి లోపలికి చూస్తోంది. 1/3 పక్కన రాజేశ్వరమ్మ వేసిన బొమ్మ అదే. గబుక్కున కర్టెన్ లాగేశాను.

సోమవారం రెడ్‌బడ్ నిండా తేనెటీగలు. కిటికీ మూసినా ఆ రొద వినబడుతోంది. ఆమె రాసిపెట్టిన వరుసలో, ఆమె రాసిపెట్టిన రోజుకి, ఒక్కొక్కటే వచ్చి హాజరు వేయించుకుంటున్నాయి. ఋతువు ప్రకారం రావడంలో వింతేముందని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా భయం పోలేదు. ఎందుకంటే ఆ వరుసలో నాలుగో తారీఖు ఉంది. నైనిక స్కూలు నుంచి రాగానే దాన్ని హోమ్‌వర్కని మేడ మీదికి తోలేశాను. మంగళవారం మాత్రం అది వినలేదు. మూడు బై మూడు ఎటు చదివినా మార్చి మూడే కదా. పసుపు సీతాకోకచిలుకల కోసం సాయంత్రం దాకా కాపలా కాసింది. ఆ రోజు విపరీతమైన గాలి. ఏదీ రాలేదు.

నాలుగో తారీఖు పొద్దున్న అందరూ వెళ్ళిపోయాక పెరట్లోకి వెళ్ళాను. రాజేశ్వరమ్మ కుర్చీ అక్కడే ఉంది. ఎండకీ వానకీ తెల్లరంగు పసుపు తిరిగింది. అందులో కూర్చోలేక మెట్టు మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. మోగుతుందేమోనని దాన్నే చూస్తూ ఉన్నాను. మోగలేదు. తొమ్మిదిన్నర దాటాక ఎర్రచారల నల్ల సీతాకోకచిలుక ఒకటి కంచె మీదుగా వచ్చింది. పెరడంతా ఒక చుట్టు తిరిగి, కుర్చీ చేతి మీద వాలింది. రెక్కలు తెరుస్తూ, మూస్తూ అలాగే ఉండిపోయింది. కుర్చీలో ఎవరో ఉన్నారనీ, వాళ్ళ చెయ్యి ఆనుకునే అది కూర్చుందనీ నాకనిపించింది. నేను దెయ్యాల్ని నమ్మను. అయినా, "రాజేశ్వరీ" అని పైకే పిలిచాను.

*

ఆ సాయంత్రం నైనిక కిచెన్ టేబుల్ మీద పెద్ద తెల్ల అట్ట పరిచింది. స్కూల్లో సైన్స్ పోస్టరు. స్రవంతి మాకు వీపు పెట్టి, పొయ్యి దగ్గర పప్పులోకి తిరగమోత వేస్తోంది. అట్ట మీద మూడు గడులు. జనవరి మూడు, సున్నా. ఫిబ్రవరి మూడు, సున్నా. మార్చి మూడు, సున్నా.

"పైన ఏం రాశావమ్మా?" అన్నాను.

"అమ్మమ్మ బగ్స్ ఎందుకు రావట్లేదు అని. కింద ఆన్సర్ రాయాలి."

"ఏం రాస్తావు?"

"అమ్మమ్మ చనిపోయింది కదా, సో అవి కూడా చనిపోయాయి అని," అంది మామూలుగా, మార్కర్ మూత పంటితో లాగుతూ. "చూసేవాళ్ళు లేరు కదా తాతా. అందుకే."

స్రవంతి చేతిలో గరిట ఆగింది. వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

పిల్ల మార్కర్ అట్ట మీద ఆనించింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"కాదు. వచ్చాయి. నిన్నొక్కరోజే గాలికి రాలేదు. నేను చూశాను."

"ఎప్పుడు?"

"ఆదివారం తుమ్మెద. సోమవారం తేనెటీగలు. ఇదిగో, ఈ ఎర్రచారలది ఇవాళ పొద్దున్న."

"బట్ తాతా, అది ఏప్రిల్ థర్డ్ కదా. ఫోర్ స్లాష్ త్రీ."

ఇక్కడ ఆగిపోవచ్చు, ఏదో ఒకటి చెప్పి నవ్వించేయవచ్చు. కానీ ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ చేతకాలేదు.

"మన దగ్గర రోజు ముందు రాస్తాం, నెల తరువాత. అమ్మమ్మ అలా రాసుకుంది. నువ్వు తిరగేసి చదివావు. ఇది మార్చి నాలుగు."

నైనిక కళ్ళు పెద్దవి చేసింది. "ఓ! సో అవి చనిపోలేదా! మరి మార్చ్ ఫోర్త్ ఇక్కడ ఎలా రాయాలి? త్రీ... స్లాష్... ఫోర్." పలుకుతూనే అట్ట మీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అంకెలు వేసింది. 3/4.

పొయ్యి ఆపిన చప్పుడైంది. స్రవంతి ఇటు తిరిగి ఆ అంకెల్నే చూస్తోంది.

"నాన్నా. ఆ క్లినిక్ కార్డు మీద ఏముంది?"

"ఇదే."

"మిషన్ పాడైందన్నావు."

"పాడవలేదు."

"ఆ రోజు ఫోన్ చేయలేదా వాళ్ళు?"

"చేశారు. మూడుసార్లు. నేనే కట్టేశాను."

స్రవంతి చేతులు తుడుచుకుని, అద్దాల తలుపు తీసుకుని, చెప్పుల్లేకుండా పెరట్లోకి నడిచింది. రెడ్‌బడ్ చెట్టు కింద మాకు వీపు పెట్టి నిలబడింది.

"అమ్మ బీస్ చూడ్డానికి వెళ్ళిందా?" అంది నైనిక.

"అవునమ్మా," అన్నాను.

*

ఆ తరువాత మూడు వారాలకి పైగా స్రవంతి నాతో మాట్లాడలేదు. భోజనానికి రమ్మని నైనికతో కబురు. నా బీపీ మాత్రలు మాత్రం రోజూ పొద్దున్నే నీళ్ళగ్లాసు పక్కన సిద్ధంగా ఉండేవి. అవి చూస్తే తిట్టినదానికంటే ఎక్కువ బాధగా ఉండేది. టికెట్ ముందుకి మార్చుకుని వెళ్ళిపోతానని ఫణికుమార్‌తో అన్నాను. "కొన్నాళ్ళు ఆగండి మామయ్యగారూ, తను వద్దనే అంటోంది" అన్నాడు. నాతో మాట్లాడని మనిషి నన్ను వెళ్ళొద్దనడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మార్చి ఆఖరి శనివారం మధ్యాహ్నం, స్రవంతి నా గదిలోకి వచ్చి మంచం చివర కూర్చుంది. చేతిలో నోటుపుస్తకం. అది ఆ పుస్తకం తెరవడం నేనెరగను.

"డాక్టర్‌కి మెసేజ్ పెట్టాను," అంది. "నెలన్నర ముందు స్కాన్ తీసి ఉంటే తేడా ఉండేదా అని."

"ఏమన్నారు?"

"చెప్పలేం అన్నారు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నారు."

స్రవంతి పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"నా కోపం పోలేదు నాన్నా. నీ మీదా, నా మీదా. కార్‌లో కూర్చుంది నేనే కదా. ఆ కోపం పోతుందో లేదో కూడా తెలీదు. కానీ ఇది నువ్వు చూడాలి."

పేజీలు తిప్పింది. 12/3 తరువాత చాలా రోజులు ఖాళీ. నొప్పి ఎక్కువై ఆమె మంచం దిగని రోజులవి. తరువాత 3/4. ఏప్రిల్ మూడు. అద్దం తలుపు మీద వాలిన బూడిదరంగు రెక్కల పురుగు బొమ్మ. కింద, "ఆసుపత్రి తలుపు మీద. దీపాలకి వచ్చే జాతిది. పగలు ఏం చేస్తోందో ఇక్కడ. తలుపు తెరిచినా మూసినా కదల్లేదు" అని ఉంది.

"తరువాత పేజీ," అంది స్రవంతి.

4/6. చిన్న నీలం సీతాకోకచిలుకలు. 4/9. 4/15. 4/28. 5/2. 5/19.

ముప్పై నాలుగేళ్ళు తారీఖులు చూసిన కళ్ళు నావి. వేలు పెట్టి చూపించనక్కర్లేదు. ఏప్రిల్ ఆరు, ఏప్రిల్ తొమ్మిది, ఏప్రిల్ పదిహేను. ఏప్రిల్ మూడు దాకా మన పద్ధతి. ఆ తరువాతి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇక్కడి పద్ధతి. నెల ముందు, రోజు తరువాత. ఒక్కచోట కూడా పొరపాటు లేదు, కొట్టివేత లేదు.

"అమ్మకి తెలుసు నాన్నా," అంది స్రవంతి. "ఆ రోజే తెలుసు."

కౌంటర్‌లో అమ్మాయి అంకెల మీద వేలు పెట్టి చెప్పింది. అది అర్థం కావడానికి ఇంగ్లీషెందుకు? పురుగుని చూస్తోందనుకున్నాను. వెనక సీట్లోంచి, "అవునమ్మా, ఏదో మిషనట" అన్న మాట మళ్ళీ వినబడింది. నన్ను నమ్మి కాదు, నన్ను కాయడానికి అంది. ఆ తరువాత ఎన్ని రోజులు నా పక్కన పడుకుంది, నా చేతి మందులు మింగింది, చివరికి నా చేతుల్లోనే పోయింది! ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. క్షమించానని చెప్పినా బాగుండేది. రెండూ చెయ్యకుండా తారీఖు సరిగ్గా రాయడం నేర్చుకుని ఊరుకుంది. నేను గట్టిగా ఏడ్చాను. స్రవంతి నా దగ్గరికి జరగలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

ఏప్రిల్ ఆరు పొద్దున్న, స్కూలుకి ముందు, నైనిక పుస్తకం పట్టుకుని నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "ఇది కూడా తిరగేసి చదవాలా తాతా?" అంది. "ఇక్కడినుంచి నువ్వు చదివినట్టే రైటు" అన్నాను. స్రవంతి కాఫీ తెచ్చి, నైనికతో పంపకుండా నేరుగా నా చేతికే ఇచ్చింది. గడ్డిలో తెల్లపూల మీద చిన్న నీలం సీతాకోకచిలుకలు రెండు లేచి, వాలి, మళ్ళీ లేచాయి. పిల్ల ఊపిరి బిగబట్టి లెక్కపెడుతోంది.

నా జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు.

స్రవంతి నా వైపు చూసింది. ఎత్తొద్దని అనలేదు.

"హలో," అన్నాను. ఎవరిదో రికార్డు చేసిన గొంతు, కారు వారంటీ అయిపోయిందని చెబుతోంది. నాకు కారు లేదు, డ్రైవింగూ రాదు. అయినా ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, ఆ గొంతు తనంతట తాను ఆగేదాకా విన్నాను.